కొత్త అక్వేరియం సైక్లింగ్‌లో పీహెచ్: నీళ్లు నింపిన రోజు నుంచి చేపలు వదిలే రోజు దాకా

19వ రోజు పొద్దున టెస్ట్ ట్యూబులో 5 మి.లీ. ట్యాంకు నీళ్లు తీసుకుని, నీళ్ల ఆమ్లగుణాన్ని కొలిచే పీహెచ్ ద్రావణం 3 చుక్కలు వేసి తిప్పితే నీళ్లు నిమ్మపండు రంగుకు వచ్చాయి. రెండు వారాల కింద అదే ట్యూబులో ఆకుపచ్చ రంగు చూశాను. రంగుల కార్డు మీద ఆ పసుపుకు ఎదురుగా 6.0 అని ఉంది. దాని కింద ఇంకో గడి లేదు. అంటే నీళ్లు 6.0 దగ్గర ఆగాయో, 5.3కు జారిపోయాయో ఆ కార్డు చెప్పలేదు. అమోనియా అయిదు రోజులుగా 1 పీపీఎం (లీటరుకు 1 మి.గ్రా.) దగ్గరే కదలకుండా కూర్చుంది. దాన్ని తినాల్సిన ఫిల్టర్ బ్యాక్టీరియా చచ్చిపోయిందేమోనని పరుగెత్తి ఒక బ్యాక్టీరియా సీసా కొనుక్కొచ్చి పోశాను. డబ్బులు అక్షరాలా నీళ్లపాలు.

తప్పు బ్యాక్టీరియాది కాదు, నేను నింపిన నీళ్లది. ట్యాంకు కొన్నచోట "క్యాన్ నీళ్లు పోయండి, క్లీన్‌గా ఉంటయి" అన్నారు. ఆర్వో ప్లాంటు నుంచి 20 లీటర్ల క్యాన్లు తెప్పించి పోశాను. మనం తాగడానికి బాగానే ఉండే ఆ నీళ్లలో, సైక్లింగ్‌కు, అంటే చేపలు వదిలే ముందు ఫిల్టర్‌లో ఆ బ్యాక్టీరియాను పెంచడానికి, కావలసిన అసలు సరుకు దాదాపు లేదు. ఆ సరుకు పేరు కార్బొనేట్ హార్డ్‌నెస్, చేపలు పెంచేవాళ్ల మాటల్లో కేహెచ్. ఈ మార్గదర్శి పీహెచ్ గురించే అయినా సగం మాటలు కేహెచ్ చుట్టూనే తిరుగుతాయి. సైక్లింగ్ రోజుల్లో పీహెచ్ వెంట పడకూడదు, కేహెచ్‌ను కాపాడుకోవాలి. పీహెచ్ దాని వెంటే నడుస్తుంది.

అసలు పీహెచ్ ఎందుకు పడిపోతుంది?

సైక్లింగ్ అంటే ఫిల్టర్‌లో రెండు రకాల బ్యాక్టీరియాను పెంచడం. మొదటి రకం అమోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. రెండో రకం, ముఖ్యంగా నైట్రోస్పైరా, ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. చివర్లో 'ట్' ముందు ఉన్నది ఐత్వమా ఏత్వమా అన్నది జాగ్రత్తగా చదవండి. నైట్రైట్ చేపకు విషం, నైట్రేట్ మాత్రం ఓ మోతాదు దాకా ఫర్వాలేదు. మొదటి మెట్టులో అమోనియా నైట్రైట్ అయ్యేటప్పుడు ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లాన్ని నీళ్లలోని బైకార్బొనేట్ మింగేస్తుంది. ఆ బైకార్బొనేట్ నిల్వనే మనం కేహెచ్‌గా కొలుస్తాం.

ఇంట్లో బియ్యం డబ్బా సంగతి తీసుకోండి. డబ్బాలో బియ్యం ఉన్నంతకాలం రోజూ అన్నం వండుతూనే ఉంటాం, పైకి ఏ తేడా తెలియదు. డబ్బా అడుగు తగిలిన రోజున ఒక్కసారిగా పొయ్యి మీద గిన్నె ఉండదు. పీహెచ్ కూడా అంతే. కేహెచ్ 8 నుంచి 3కు పడ్డా పీహెచ్‌లో పెద్ద మార్పు కనిపించదు. 1 కిందికి పోయాక రెండు మూడు రోజుల్లోనే 7 నుంచి 6 కిందికి దిగుతుంది. అందుకే పీహెచ్ ఒక్కటే చూసేవాళ్లకు అది హఠాత్తుగా కూలినట్టు అనిపిస్తుంది.

లెక్క కూడా తేలికే. అమోనియా రూపంలో ఉన్న 1 మి.గ్రా. నైట్రోజన్ పూర్తిగా నైట్రేట్ కావడానికి, కాల్షియం కార్బొనేట్ లెక్కలో సుమారు 7.1 మి.గ్రా. ఆల్కలినిటీ, అంటే ఆ బైకార్బొనేట్ నిల్వ, ఖర్చవుతుంది. కేహెచ్‌లో 1 డిగ్రీ అంటే లీటరుకు 17.9 మి.గ్రా. అమ్మోనియం క్లోరైడ్‌తో ట్యాంకులో 2 పీపీఎం అమోనియా వేస్తే, అది మొత్తం నైట్రేట్ అయ్యేసరికి కేహెచ్ డబ్బాలోంచి దాదాపు 0.66 డిగ్రీ పోతుంది. ఒక సైక్లింగ్‌లో ఇలాంటి డోసులు 8 పడ్డాయనుకుంటే 5.3 డిగ్రీలు ఖర్చు. నా క్యాన్ నీళ్ల కేహెచ్ 1. రెండో డోసు నడుస్తుండగానే డబ్బా అడుగు తగిలింది.

పీహెచ్ పడిపోతే నష్టమేంటి? ఈ బ్యాక్టీరియా 7.5 నుంచి 8.5 మధ్య చురుగ్గా ఉంటుంది. 6.5 దిగువన బాగా నెమ్మదిస్తుంది, 6 చుట్టుపక్కల దాదాపు ఆగిపోతుంది. చనిపోవడం కాదు, పని మానేయడం. పరిస్థితి బాగుపడితే మళ్లీ మొదలుపెడుతుంది. నేను అనవసరంగా సీసా కొన్నది ఈ సంగతి తెలియకే.

మొదటి మెట్టు: మీ నీళ్లు ఏమిటో తెలుసుకోండి

ట్యాంకు అమర్చకముందే ఒక బకెట్ నీళ్లు పట్టి రెండుసార్లు పరీక్షించండి. పట్టిన వెంటనే ఒకసారి, ఎయిర్ స్టోన్‌తో 24 గంటలు గాలి కొట్టాక ఇంకోసారి. బోరు నీళ్లకు ఇది మరీ ముఖ్యం. భూమి లోపలి నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా కరిగి ఉంటుంది. అది ఉన్నంతసేపు పీహెచ్ తక్కువ చూపిస్తుంది. మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్లు పట్టగానే 7.3 చూపించాయి, మర్నాటికి 8.2. నీళ్లు మారలేదు, వాయువు పోయిందంతే. మీ ట్యాంకులో నిలిచేది రెండో అంకె.

పీహెచ్‌తో పాటు కేహెచ్, అమోనియా, నైట్రేట్ కూడా చూసుకోండి. మన బోరు నీళ్లలో నైట్రేట్ ముందే ఉండటం అరుదేమీ కాదు. తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 పెట్టిన హద్దు లీటరుకు 45 మి.గ్రా. మీ నీళ్లలో మొదటి రోజే 30 ఉందని తెలిస్తే, "నైట్రేట్ కనిపించింది, సైకిల్ అయిపోయింది" అని మురిసిపోయే ప్రమాదం తప్పుతుంది.

హైదరాబాద్‌లో మన చేతిలో ఉండేవి మూడు రకాల నీళ్లు. నల్లా నీళ్లు, అంటే మంజీరా, కృష్ణా, గోదావరిల నుంచి వచ్చేవి, సాధారణంగా మధ్యస్థంగా ఉంటాయి. క్లోరిన్ తీసేస్తే వీటితో పెద్ద తంటా లేదు. బోరు నీళ్లలో కేహెచ్ బాగా ఎక్కువ. క్యాన్ నీళ్లలో దాదాపు సున్నా. ఇంకో చిక్కు ఏమిటంటే చాలా అపార్ట్‌మెంట్లలో సంపులోనే నల్లా నీళ్లూ బోరు నీళ్లూ కలిసిపోతాయి. ఎండాకాలం ట్యాంకర్ కూడా వచ్చి చేరుతుంది. జనవరిలో కొలిచిన అంకె మే నెలలో పనికిరాదు. మా ఇంట్లో ఆ రెంటి మధ్య కేహెచ్ 6 డిగ్రీలు తేడా వచ్చింది.

కొలిచే సాధనాల గురించి రెండు మాటలు. కాగితం స్ట్రిప్పుల కంటే చుక్కల కిట్టు నయం. కేహెచ్ కిట్టులో 5 మి.లీ. నీళ్లలో ఒక్కో చుక్క వేస్తూ, నీలం పోయి పసుపు వచ్చేదాకా లెక్కపెట్టాలి. ఒక చుక్క ఒక డిగ్రీ. 10 మి.లీ. నీళ్లు తీసుకుంటే ఒక్కో చుక్క అర డిగ్రీ అవుతుంది. కేహెచ్ తక్కువ ఉన్న నీళ్లకు ఇలాగే చేయండి, 1కీ 2కీ మధ్య తేడా అక్కడే ప్రాణం. ఆన్‌లైన్‌లో దొరికే పెన్ను లాంటి పీహెచ్ మీటరు కొంటే, దాంతో వచ్చే 6.86, 4.01 పొడి ప్యాకెట్లను పారేయకండి. వాటితో సరిచేయని మీటరు అంకె నమ్మదగ్గది కాదు. నల్లా నీళ్లు, బోరు నీళ్లు ఉన్నవాళ్లు 9.18 ప్యాకెట్ కూడా తెచ్చుకుంటే మంచిది.

రెండో మెట్టు: అడుగున వేసే రాళ్లను నమ్మకండి

ఇది చాలామంది దాటేసే మెట్టు. తాండూరు బండ, షాబాద్ బండ, కడప బండ, ఇవన్నీ సున్నపురాయి జాతివే. ఇల్లు కట్టాక మిగిలిన ముక్కలతో ట్యాంకులో గుహలు కడితే అందంగా ఉంటుంది గానీ, అవి నెమ్మదిగా కరుగుతూ కేహెచ్‌నూ పీహెచ్‌నూ పైకి నెడుతూనే ఉంటాయి. బీచ్‌లో ఏరుకొచ్చిన గవ్వలు, గుల్లలు కలిసిన ఇసుక కూడా అంతే. రాయి మీద వెనిగర్ లేదా నిమ్మరసం రెండు చుక్కలు వేసి చెవి దగ్గర పెట్టుకుని వినండి. చిటపటమంటే సున్నం ఉన్నట్టే. చప్పుడు రాలేదని పూర్తిగా లేనట్టు కాదు, కొన్ని కడప రాళ్లు నెమ్మదిగా నురుగుతాయి, గోటితో గీరిన చోట వేసి చూడాలి. గ్రానైట్ ముక్కలకు ఈ భయం లేదు, హైదరాబాద్ నిలబడింది గ్రానైట్ మీదే కాబట్టి అవి ఎక్కడైనా దొరుకుతాయి.

ఇందులో తిరకాసు ఒకటుంది. మీ నీళ్లు కేహెచ్ లేని క్యాన్ నీళ్లే అయితే ఇదే దోషం వరమవుతుంది. గుప్పెడు ముత్యపు చిప్పల ముక్కలో, పగడపు రాళ్లో పలుచటి బట్టసంచిలో కట్టి ఫిల్టర్ దగ్గర వేలాడదీస్తే, పీహెచ్ పడుతున్న కొద్దీ అవే కరిగి కాపాడతాయి. పీహెచ్ 8 దగ్గర ఉంటే కరగడం దాదాపు ఆగుతుంది. మనం చెప్పక్కర్లేకుండానే పనిచేసే కాపలా.

మొక్కల కోసం ఆక్వాసాయిల్ వేసేవాళ్ల కథ వేరు. ఆ మట్టి కేహెచ్‌ను పీల్చేసి పీహెచ్‌ను 6.5 చుట్టూ పట్టి ఉంచుతుంది, మొదట్లో అమోనియా కూడా వదులుతుంది. అలాంటి ట్యాంకులో సోడా వేసి పీహెచ్ పెంచడం వృథా, మట్టి దాన్నీ మింగేస్తుంది. సైక్లింగ్ నెమ్మదిగా అవుతుందని ఒప్పుకుని, నీళ్లు మార్చుతూ ఓపిక పట్టడమే.

మూడో మెట్టు: నీళ్లు కలపడం

సైక్లింగ్ మొదలుపెట్టేరోజు కేహెచ్ 5 నుంచి 8 మధ్య, గాలి కొట్టాక పీహెచ్ 7.2 నుంచి 8.3 మధ్య ఉంటే చాలు. ఇంతకంటే కచ్చితంగా అక్కర్లేదు. 7.0 కోసమే పట్టుబట్టేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. ఈ నెలన్నర రోజుల్లో ట్యాంకులో ఉండేది బ్యాక్టీరియా మాత్రమే, దానికి 8 ఇష్టం.

బోరు కేహెచ్ 14, క్యాన్ కేహెచ్ 1 అనుకోండి. సగం సగం కలిపితే 7.5. కేహెచ్‌ను ఇలా సరాసరి తీయొచ్చు, పీహెచ్‌ను తీయకూడదు. 8.2, 6.6 కలిపితే 7.4 రాదు, కేహెచ్ ఎక్కువున్న నీళ్ల మాటే చెల్లుతుంది.

పూర్తిగా క్యాన్ నీళ్లే దిక్కయితే వంట సోడా వాడండి. 1 లీటరుకు 30 మి.గ్రా. వంట సోడా కేహెచ్‌ను 1 డిగ్రీ పెంచుతుంది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న మామూలు ట్యాంకులో రాళ్లు, పై ఖాళీ పోను 50 లీటర్ల దాకా నీళ్లుంటాయి. దానికి 1 డిగ్రీ పెరగాలంటే 1.5 గ్రాములు. చదునుగా గీసిన ఒక టీస్పూన్ సుమారు 5 గ్రాములు, అంటే 3 డిగ్రీల పైచిలుకు. ఒక గ్లాసు నీళ్లలో కరిగించి పోయాలి, పొడి చల్లకూడదు. వంట సోడాకు ఒక మంచి గుణం ఉంది. మనం వేసే ఈ మోతాదుల్లో, గాలి తగిలే ట్యాంకులో పీహెచ్‌ను 8.3 చుట్టుపక్కలకే తీసుకెళ్తుంది, అంతకు మించి పెద్దగా పరుగెత్తదు.

డబ్బా మీద పేరు చదవండి. వంట సోడా వేరు, బేకింగ్ పౌడర్ వేరు. బేకింగ్ పౌడర్‌లో ఆమ్లం, పిండి కలిసి ఉంటాయి. ఈనో ప్యాకెట్‌లోనూ ఆమ్లం ఉంది. బట్టల సోడా అంటే సోడియం కార్బొనేట్, అది పీహెచ్‌ను 10 దాకా లాగగలదు. కిరాణా కొట్లో ఉత్త "సోడా" అని అడిగితే ఏది చేతిలో పెడతారో చెప్పలేం.

నల్లా నీళ్లయితే క్లోరిన్ తీసేయండి. యాంటీ క్లోరిన్ చుక్కలు వేసినా సరే, బకెట్లలో 24 గంటలు గాలి కొట్టినా సరే. క్లోరిన్ మీరు పెంచబోయే బ్యాక్టీరియాను చంపడానికే ఉన్న మందు.

నాలుగో మెట్టు: అమోనియా వేయడం

చేపలు లేకుండా చేసే సైక్లింగ్ గురించే చెబుతున్నాను. చేపలతో చేసే పద్ధతి గురించి తర్వాత.

నేను వాడేది ల్యాబ్ కెమికల్స్ అమ్మే దుకాణంలో దొరికే అమ్మోనియం క్లోరైడ్. కళాయి పోసేవాళ్లు వాడే నవసాగరం ఇదే పదార్థం, కానీ బజారు సరుకులో ఇంకేం కలిసి ఉంటుందో తెలియదు, ట్యాంకులో వేయకండి. 10 గ్రాములను నీళ్లలో కరిగించి మొత్తం 1 లీటరు అయ్యేలా చేసి సీసాలో పోసి, పిల్లలకు అందకుండా పెట్టి, మీద పేరు రాయండి. 50 లీటర్ల ట్యాంకుకు ఈ ద్రావణం 32 మి.లీ. పోస్తే 2 పీపీఎం. అంతకు మించి మొదట వేయొద్దు. 5 పీపీఎం దాటితే బ్యాక్టీరియానే నెమ్మదిస్తుంది.

అమోనియా ఎక్కణ్ణుంచి వచ్చిందన్న దాన్ని బట్టి కేహెచ్ ఖర్చు మారుతుంది. అమ్మోనియం క్లోరైడ్ అన్నిటికంటే ఎక్కువ తింటుంది. చేపల మేత కుళ్లబెట్టి అమోనియా పుట్టించినా, ఉత్త అమోనియా ద్రావణం వాడినా, మొదట కాస్త ఆల్కలినిటీ నీళ్లలో చేరుతుంది, తర్వాత ఖర్చవుతుంది. మొత్తమ్మీద ఖర్చు దాదాపు సగం. మేతతో సైక్లింగ్ చేసిన స్నేహితుడు "నాకు పీహెచ్ ఎప్పుడూ పడలేదే" అంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఫిల్టర్, ఎయిర్ స్టోన్ రాత్రింబవళ్లు నడవాలి. గాలి ఆడితే బ్యాక్టీరియాకు ఆక్సిజన్ అందుతుంది, నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ పోగుపడదు, పీహెచ్ రీడింగ్ నిజం చెబుతుంది. మన ఎండలకు హీటర్ అవసరం పెద్దగా రాదు, 26 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటే మంచిదే.

అయిదో మెట్టు: నోటు పుస్తకం

రోజూ అన్నీ కొలిస్తే వారంలో విసుగొచ్చి వదిలేస్తారు. అమోనియా, పీహెచ్ రోజు మార్చి రోజు. నైట్రైట్ రెండో వారం నుంచి. కేహెచ్ వారానికి రెండుసార్లు. ఇది మాత్రం తప్పించవద్దు. పీహెచ్ ఎప్పుడూ ఒకే సమయంలో చూడండి. ట్యాంకులో మొక్కలో, నాచో ఉంటే పగలు అవి కార్బన్ డయాక్సైడ్‌ను లాక్కుంటాయి, సాయంత్రానికి పీహెచ్ పైకి పోతుంది, తెల్లారేసరికి దిగుతుంది. ఆకివీడు వైపు రొయ్యల చెరువు చేసే మా బాబాయికి ఈ సంగతి చెబితే నవ్వాడు. "పొద్దున పీహెచ్ ఎంత, సాయంత్రం పీహెచ్ ఎంత అని రెండూ రాసుకుంటాం రా, తేడా ఎక్కువుంటే చెరువులో ఆల్కలినిటీ తక్కువన్నమాట" అన్నాడు. వాళ్లు డోలమైట్ చల్లి చూసుకునే సంగతే, మనం టీస్పూన్ వంట సోడాతో చేస్తున్నాం.

మొదటి వారం పది రోజులు ఏమీ జరగనట్టే ఉంటుంది. అమోనియా అలాగే, కేహెచ్ అలాగే. తర్వాత అమోనియా దిగడం మొదలై నైట్రైట్ పుడుతుంది. 2 పీపీఎం అమోనియా మొత్తం నైట్రైట్ అయితే 5.4 పీపీఎం అవుతుంది, చాలా కిట్ల రంగుల కార్డు 5 దగ్గరే అయిపోతుంది. ట్యూబు ముదురు ఊదా రంగులో ఇరుక్కుపోయినట్టు రోజుల తరబడి కనిపిస్తుంది. ఈ దశలో కొత్త అమోనియా డోసును సగానికి తగ్గించి, మూడు రోజులకోసారి వేయండి. కేహెచ్ ఎక్కువగా కరిగేది కూడా ఇప్పుడే, ఎందుకంటే ఆమ్లం పుట్టేది అమోనియా నుంచి నైట్రైట్ అయ్యే మెట్టులో. చాలామంది సరిగ్గా ఇక్కడే నైట్రైట్ రంగు చూస్తూ కూర్చుని కేహెచ్ చూడటం మానేస్తారు.

కేహెచ్ 3కు దిగిందంటే ఆగకండి. 50 లీటర్లకు అర టీస్పూన్ వంట సోడా వేయండి, లేదా మూడో వంతు నీళ్లు మార్చండి. నా ఓటు నీళ్లు మార్చడానికే. సోడా వేస్తే కేహెచ్ మాత్రమే వస్తుంది. బోరు నీళ్లు కలిస్తే కాల్షియం, మెగ్నీషియం, ఇతర ఖనిజాలూ వస్తాయి, ఊదారంగు నైట్రైట్ కూడా పలుచబడుతుంది. నీళ్లు మార్చితే సైకిల్ పోతుందన్న మాట నమ్మకండి. బ్యాక్టీరియా ఉండేది ఫిల్టర్ స్పాంజ్‌లో, రాళ్ల మీద, నీళ్లలో చాలా తక్కువ. ఆ స్పాంజ్‌ను నల్లా కింద కడగకండి చాలు.

పడిపోయిందా? ఏం చేయాలి

చేపలు లేకపోతే భయమే లేదు. వంట సోడాతో కేహెచ్‌ను 4కు తెండి. గంటలోనో పూటలోనో పీహెచ్ 7.5 దాటుతుంది. బ్యాక్టీరియా మళ్లీ పనిలో పడటానికి మూడు నాలుగు రోజులు పట్టొచ్చు. నా పసుపు ట్యూబు కథ అలాగే ముగిసింది. ఒక టీస్పూన్ సోడా వేశాక నాలుగో రోజుకు అమోనియా సున్నా.

చేపలుంటే ఇదే పని ప్రాణం తీస్తుంది. ఎందుకో చూడండి. కిట్టు చూపించే అమోనియాలో రెండు రూపాలుంటాయి. విషపు అమోనియా ఒకటి, దాదాపు హాని లేని అమ్మోనియం ఇంకొకటి. ఏది ఎంతన్నది పీహెచ్ నిర్ణయిస్తుంది. 28 డిగ్రీల వేడిలో పీహెచ్ 6 అయితే విషపు రూపం 0.07 శాతమే. 7 దగ్గర 0.7 శాతం, 8 దగ్గర 6.5 శాతం, 8.5 దగ్గర 18 శాతం. పీహెచ్ కూలిన ట్యాంకులో బ్యాక్టీరియా పనిచేయక 2 పీపీఎం అమోనియా పోగుపడి ఉన్నా, చేపలు తిరుగుతూనే ఉంటాయి, ఎందుకంటే అందులో విషం 0.0014 పీపీఎం. మనం మంచి చేద్దామని సోడా వేసి ఒక్కపూటలో 8కి తెస్తే విషం 0.13కు చేరుతుంది. సాయంత్రానికి చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి.

కాబట్టి చేపలున్నప్పుడు మొదట చూడాల్సింది అమోనియా. మేత ఆపేయండి. అమోనియాను బంధించే కండిషనర్ ఉంటే వేయండి. రోజుకు 10 నుంచి 15 శాతం నీళ్లు మాత్రమే మార్చుతూ, మొదట అమోనియాను దించండి. కేహెచ్ కూడా కొత్త నీళ్లతో మెల్లగా ఎక్కుతుంది. అమోనియా 0.25 కిందికి వచ్చాకే, అవసరమైతే, సోడా సంగతి.

పీహెచ్ ఎక్కువుంటే

బోరు నీళ్లవాళ్లందరి దిగులు ఇదే. 8.2 ఉంది, ఎలా దించాలి? చేపల్లేని సైక్లింగ్‌లో దించకండి. దుకాణాల్లో దొరికే పీహెచ్ డౌన్ ఆమ్లం. కేహెచ్ 14 ఉన్న నీళ్లలో పోస్తే అప్పటికి దిగుతుంది, మర్నాడు మళ్లీ ఎక్కుతుంది. మళ్లీ పోస్తాం. ఇలా పోస్తూ పోస్తూ బియ్యం డబ్బానే తిరగబోస్తున్నాం, కేహెచ్ అయిపోయిన రోజున ఒక్కసారిగా కింద పడుతుంది. వెనిగర్, నిమ్మరసం కూడా వద్దు, అవి కుళ్లి నీళ్లను పాలలా చేస్తాయి, ఆక్సిజన్ తింటాయి. బాదం ఆకులు వేస్తే, అంత కేహెచ్‌లో టీ రంగు తప్ప పీహెచ్‌లో మార్పు కనిపించదు. నిజంగా తగ్గించాలంటే ఒకటే దారి, క్యాన్ నీళ్లు కలిపి కేహెచ్‌ను తగ్గించడం. అది సైక్లింగ్ అయ్యాక, చేపను బట్టి.

చేపలతోనే సైక్లింగ్ చేయాల్సి వస్తే, ఎవరో బహుమతిగా ఇచ్చి వెళ్లిపోవడం అనేది మన ఇళ్లలో మామూలే, అప్పుడు మాత్రం ఎక్కువ పీహెచ్ ప్రమాదమే. 8.2 దగ్గర, 28 డిగ్రీల వేడిలో, కిట్టు 0.5 పీపీఎం చూపిస్తే విషం 0.05. చేపకు 0.02 దాటనివ్వకూడదు. అంటే మీ హద్దు 0.2 పీపీఎం. అదే 7 దగ్గరైతే అదే 0.5లో విషం 0.004 కూడా లేదు. రెండు రోజులకోసారి, పిల్ల చిటికెడు మేత. రోజూ అమోనియా పరీక్ష, 0.25 కనిపిస్తే ఆ రోజే పావు వంతు నీళ్లు మార్చాలి. పాతబడిన ట్యాంకు ఉన్న స్నేహితుడి ఫిల్టర్‌లోంచి స్పాంజ్ ముక్క ఒకటి తెచ్చి మీ ఫిల్టర్‌లో పెట్టడం కొన్న సీసాలన్నిటికంటే మేలు. తడి ఆరకుండా తేవాలి.

చివరి మెట్టు: అయిపోయిందని ఎలా తెలుస్తుంది

రాత్రి 2 పీపీఎం అమోనియా వేస్తే మర్నాడు రాత్రికి అమోనియా సున్నా, నైట్రైట్ సున్నా. వరసగా రెండు రోజులు అలా వస్తే అయినట్టే. మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు, మధ్యలో పీహెచ్ పడిపోతే ఇంకా ఎక్కువ. 8 డోసుల లెక్కన నైట్రేట్ 60 పీపీఎం దాకా పోగై ఉంటుంది. ముప్పావు వంతు నీళ్లు మార్చండి. ఈ కొత్త నీళ్లలోనే ఇక చేపకు తగ్గ కేహెచ్ పెట్టుకోవాలి. బోరు నీళ్ల పాళ్లు ఎక్కువైతే గప్పీ, మోలీ, ప్లాటీ హాయిగా ఉంటాయి. నియాన్ టెట్రా, డిస్కస్ కావాలంటే క్యాన్ నీళ్ల పాళ్లు పెంచాలి, కానీ కేహెచ్‌ను 3 కిందికి దించకండి. ప్రతి వారం నీళ్లు మార్చేటప్పుడు అవే పాళ్లలో కలిపి పోయాలి. చేప రోజూ వదిలే అమోనియా రోజూ డబ్బాలోంచి గుప్పెడు బియ్యం తీస్తూనే ఉంటుంది.

చేపలు ఇంటికి వచ్చిన రోజు పీహెచ్ ఇంకో పరీక్ష పెడుతుంది. పక్క వీధి దుకాణం నుంచి అరగంటలో తెచ్చిన చేపలకు, సంచిలోకి పది నిమిషాలకోసారి అర గ్లాసు ట్యాంకు నీళ్లు పోస్తూ గంట పాటు అలవాటు చేయండి. వేరే ఊరి నుంచి పార్శిల్‌లో ఒక రోజంతా ప్రయాణించి వచ్చిన చేపలకు మాత్రం ఇలా చేయకండి. మూసిన సంచిలో కార్బన్ డయాక్సైడ్ చేరి పీహెచ్ పడిపోయి ఉంటుంది, దానివల్లే లోపల పోగైన అమోనియా హాని చేయకుండా ఉంటుంది. సంచి విప్పగానే వాయువు పోతుంది, పీహెచ్ ఎక్కుతుంది, అమోనియా విషంగా మారడం మొదలవుతుంది. సంచి మూసే ఉంచి అరగంట ట్యాంకులో తేలనిచ్చి, వేడి సమానమయ్యాక విప్పి, చేపలను వలతో తీసి వెంటనే ట్యాంకులోకి వదలండి. సంచి నీళ్లు సింకులో పోసేయండి, ఒక్క చుక్క కూడా ట్యాంకులో పడనివ్వకండి.